పెద్దసారు శనివారం ముచ్చట

మొన్న మధ్యాహ్నం సూరత్‌లో, అమ్రోలిలోని మా ఇంట్లో చాప పరుచుకుని పాపడి చిక్కుడుకాయలు ఒలుస్తుండగా, పక్కనే పెట్టిన మా కోడలి ఫోను టింగుమంది. కోడలు వంటింట్లోంచి తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, మనవరాలి బడి నుంచి వచ్చిన కబురని చెప్పి, వచ్చే వారం ఆటలపోటీలట, ఆ తర్వాత తల్లిదండ్రుల సమావేశమట, తెల్లబూట్లు తప్పనిసరట అని ఒక్క గుక్కలో చదివేసి, బొటనవేలితో దాన్ని పైకి తోసేసి మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. నాలుగు కాయలు ఒలిచేలోపు అయిపోయిన పని అది. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. చెప్పాల్సినవన్నీ ఉన్నాయి, చదవలేని వాళ్ళకు అర్థమయ్యేలా బొమ్మలు కూడా ఉన్నాయట. అయినా నా చేతులు కాసేపు ఆగిపోయాయి. బడి కబురు అనే మాట చెవిన పడితే చాలు, నాకు కొంచెం బొంగురుగా ఉండే ఒక మగగొంతు వినిపిస్తుంది. ఆ గొంతు మూగబోయి కొన్నేళ్ళవుతోంది.

నేను కరీంనగర్ వైపు నుంచి పెళ్ళయి సూరత్ వచ్చినదాన్ని. మా వారు సాంచాల మేస్త్రీ. మరమగ్గాన్ని మావాళ్ళు ఊళ్ళోనూ సాంచా అనే అంటారు, ఇక్కడా అదే మాట, అందుకని ఈ ఊరు నాకు మొదటినుంచీ పూర్తిగా పరాయిదనిపించలేదు. టీచరు శిక్షణ పొంది ఉండటం వల్ల వడోద్ దగ్గరున్న తెలుగు ప్రాథమిక పాఠశాలలో ఉద్యోగం దొరికింది, రిటైరయ్యేదాకా అక్కడే గడిచిపోయింది. మా బడి పిల్లలందరూ సాంచాలు నడిపేవాళ్ళ పిల్లలే. ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, దుకాణంలో గుజరాతీ మాట్లాడి, మూడింటినీ కలిపి మా దగ్గరికి తెచ్చేవాళ్ళు. పలక పట్టించి అ ఆలు దిద్దించిన పిల్లలే పెద్దవాళ్ళయి తమ పిల్లల్ని తెచ్చి మా ముందు కూర్చోబెట్టేదాకా ఉన్నాను.

హెడ్మాస్టరు గారిని అందరం పెద్దసారు అనేవాళ్ళం. మనిషి పొట్టి, కొంచెం వంగి నడిచేవారు, చొక్కా జేబులో ఎప్పుడూ రెండు సుద్దముక్కలు ఉండేవి. ఆయన పాఠం ఎంత బాగా చెప్పేవారో ఇప్పుడు గుర్తు చేసుకోవడం కష్టం కాని, శనివారం ముచ్చట చెప్పే తీరు మాత్రం ఆ బస్తీలో ఎవరినడిగినా చెప్తారు. శనివారం మాకు ఒంటిపూట బడి. పిల్లల్ని తీసుకుపోవడానికి వచ్చిన తల్లిదండ్రులు గేటు దగ్గర గుమిగూడేవాళ్ళు. రాత్రి పాళీ దిగి నిద్రపోకుండా వచ్చిన తండ్రుల జుట్టులో ఇంకా దారపు నుసి ఉండేది. పెద్దసారు నీళ్ళ మోటారు పక్కనున్న గట్టు మీద నిలబడి బడి సంగతులన్నీ గొంతెత్తి చెప్పేవారు. కాగితం రాసి పంపితే ఎంతమంది చదువుతారనే సందేహం ఒకటి, చదివినా సంచిలోనే ఉండిపోతుందనే అనుభవం ఒకటి. ముందు మంచి వార్తలు చెప్పేవారు. మూడో తరగతి టీచరమ్మకు కొడుకు పుట్టాడనో, ఫలానా పిల్ల ఎక్కాలన్నీ తప్పులేకుండా అప్పజెప్పిందనో. తర్వాత పనికొచ్చేవి చెప్పేవారు. సూదిమందు వేసేవాళ్ళు ఏ రోజు వస్తారు, పుస్తకాలు ఎప్పుడిస్తారు, ఎవరి పిల్లలకు పేలు పడ్డాయి. చివరికి కాస్త ఆగి, ఇగ ముందరున్నది ఇనుండ్రి అని, రాబోయే పండుగలు, ఆటలు, పాటలు చెప్పేవారు. బతుకమ్మకు పూలు మార్కెట్‌లో ఎక్కడ చవకో కూడా ఆయనే చెప్పాలి. అంతా విన్నాక కూడా జనం వెంటనే కదిలేవారు కాదు. ఒకరినొకరు ఏదో అడుగుతూ, ఆయన్ని మళ్ళీ ఏదో అడుగుతూ ఎండలో అలాగే నిలబడేవాళ్ళు.

కరోనా వచ్చిన ఏడు ఆయన గట్టు మీద నిలబడి చెప్పిన ఆఖరి ముచ్చట వార్షికోత్సవం గురించి. పిల్లలు పాటలు నేర్చుకుంటున్నారు, రెండో తరగతి పిల్లలు నేతగాళ్ళ వేషాలు కడుతున్నారు, బడి వెనక గదిలో అట్టతో ఒక సాంచా కూడా తయారవుతోంది. కొన్నాళ్ళు బడికి సెలవు అంటున్నారు, భయపడొద్దు, సెలవు అయిపోగానే వార్షికోత్సవం అని చెప్పారు. అందరం నమ్మాము. మాలో ఎవరికీ అది అబద్ధమవుతుందని అనిపించలేదు.

ఆ తర్వాతి సంగతి నా ఈడు వాళ్ళకు చెప్పనక్కర్లేదు, మీరూ చూశారు. కాని సూరత్‌లో ఉన్నవాళ్ళకు మాత్రమే తెలిసిన సంగతి ఒకటుంది. సాంచాలు ఆగిపోయినప్పుడు వచ్చిన నిశ్శబ్దం. ఆ చప్పుడులో సంసారాలు చేసి, పిల్లల్ని కని, దాని మధ్యే నిద్రపోవడం నేర్చుకున్నవాళ్ళం మేము. అది ఒక్కసారిగా ఆగిపోతే మా వారికి నిద్ర పట్టేది కాదు. ఊరు పోవడానికి రైళ్ళు వేసినప్పుడు బస్తీలో సగం ఇళ్ళు ఖాళీ అయ్యాయి. కొందరు రైలు దొరకక లారీల్లో పోయారు. నా తరగతి పిల్లలు ఎవరు ఎక్కడున్నారో తెలియని రోజులు అవి. పిల్లల పేర్లు మనసులో చదువుకుంటూ ఒక్కొక్కరూ ఎక్కడ ఉండి ఉంటారా అని ఆలోచించేదాన్ని.

అలాంటి ఒక శనివారం, సరిగ్గా బడి వదిలే వేళకు, తల్లిదండ్రుల కోసం ఫోన్లలో పెట్టుకున్న గుంపులో పెద్దసారు గొంతు వచ్చింది. ఆయనకు అక్షరాలు నొక్కడం సరిగా రాదు, అందుకని మాట్లాడి పంపారు. ఇంటి డాబా మీద నిలబడి మాట్లాడినట్టున్నారు, వెనకాల కాకులు, ఎవరింట్లోదో కుక్కరు కూత వినిపిస్తున్నాయి.

"నమస్తే. నేను పెద్దసారును మాట్లాడుతున్న. పిల్లలు జర దగ్గరికొచ్చి కూసోండ్రి. ఊళ్ళె ఉన్నోళ్ళు, ఈడ ఉన్నోళ్ళు, అందరు ఇనుండ్రి. బళ్ళె మన జామచెట్టు పూత పట్టింది. వాచ్‌మన్ మేక రెండు పిల్లల్ని ఈనింది, ఒకటి నల్లది, ఒకటి తెల్లది. సోమారం బియ్యం, గోధుమలు ఇస్తరు, సంచి తెచ్చుకోండ్రి, దూరం దూరం నిలవడాలె."

అంతవరకు చెప్పి ఆయన కాస్త ఆగారు. ముందరున్నది అనే మాట ఇక రాదేమో, ఏముందని చెప్తారు అనుకున్నాను. కాని వచ్చింది. వచ్చే శనివారంలోపు పిల్లలందరూ ఇంట్లో ఉన్న ముసలివాళ్ళ దగ్గర ఒక పాట నేర్చుకుని ఫోనులో వినిపించాలని, అది మన బడి పాటల పండుగ అని చెప్పారు.

ఆ వారమంతా పాటలు వచ్చాయి. సిరిసిల్ల నుంచి, జగిత్యాల పక్క పల్లెల నుంచి, వడోద్‌లో తలుపులు వేసుకుని ఉన్న ఒంటిగదుల్లోంచి. నాట్లేసేటప్పటి పాటలు, ఉయ్యాల పాటలు, ఒక నానమ్మ పాడుతూ మధ్యలో ఏడ్చేసిన పాట కూడా ఒకటి. నా తరగతి పిల్లలు ఎవరు ఎక్కడున్నారో ఆ పాటల వల్లే నాకు తెలిసింది.

ఆ రోజుల్లోనే ఒకటో తరగతిలో కొత్తగా చేరిన ఒక పాప గొంతు నాకు పరిచయమైంది. చేరడమంటే వాళ్ళ తాత వచ్చి పేరు రాయించి పోవడమే, ఆ పాప బడి మొహం చూడలేదు. వడోద్‌లోనే ఉండేవాళ్ళు, ఊరికి పోలేదు. తండ్రి సాంచాల మీద, తల్లి ఇంట్లో చీరలకు మెరుపు రాళ్ళు అంటించే పని. శనివారం వచ్చేసరికి తాతా మనవరాలూ ఫోను ముందు పెట్టుకుని కూర్చునేవాళ్ళట. పెద్దసారు ముచ్చట అయిపోగానే తాత తిరిగి చెప్పేవాడు, సారూ మా పొల్ల ఇన్నది, ఊ కొట్టింది అని. వెంటనే ఆ పాప ఊ అనేది. నల్ల మేకపిల్ల ఎంత పెద్దదయింది, జామకాయలు పండినాయా, గేటుకు ఏ రంగు వేశారు అని అడిగేది. తాను చూడని బడిని ఆయన మాటల్లోంచే ఇటుక ఇటుకగా కట్టుకుంటోందని నాకు అనిపించేది. పెద్దసారు కూడా ఆ పాప అడిగినవాటికి తర్వాతి శనివారం మరచిపోకుండా జవాబు చెప్పేవారు.

నిజం చెప్పాలంటే ఆ ముందరున్న ముచ్చట నాకు మొదట్లో నచ్చేది కాదు. ఒకసారి గోధుమలు పంచే రోజున మూతులకు గుడ్డలు కట్టుకుని దూరదూరంగా నిలబడి ఉన్నప్పుడు ఆయన్ని అడిగేశాను.

"తాళం వేసిన బడికి పండుగలేంది సార్? రేపు తెరవకపోతే పిల్లలు మనల్ని నమ్ముతరా?"

ఆయన సంచి మూతి ముడి వేస్తూ తల ఎత్తకుండానే అన్నారు. "ఎల్లుండి ఏముందో తెలిస్తే రేపు గడుస్తదమ్మా. పిల్లలకైనా, నాకైనా."

ఆ చివరి మాట నాకు అప్పుడు అంతగా పట్టలేదు. తర్వాత ఆలోచిస్తే, ఆయన కూడా ఆ డాబా మీద ఒంటరిగా నిలబడి ఎంత దిగులు పడి ఉంటారో అర్థమైంది. ఆయనకు ఒక్కతే కూతురు, హైదరాబాదులో ఉండేది, ఏడాది పైగా ఒకరినొకరు చూసుకోలేదు.

మెల్లగా సాంచాలు మొదలయ్యాయి. ఊళ్ళకు పోయినవాళ్ళు ఒక్కొక్కరే తిరిగి వచ్చారు, కొందరు రాలేదు. పాఠాలు టీవీలో, ఫోన్లలో నడిచాయి. ఇంటికొక్క ఫోను, అదీ తండ్రితో పాటు కార్ఖానాకు పోయేది, కాబట్టి ఆ పాఠాలు ఎంతవరకు చేరాయో చెప్పలేను. శనివారం ముచ్చట మాత్రం ఆగలేదు. బతుకమ్మను కాగితం పూలతో చేసి ఫోటో పంపడం, జనవరిలో జెండా పండుగకు ఇంటి గుమ్మంలో నిలబడి పాడటం, ఇలా ఏదో ఒకటి పిల్లల ముందర ఉంచేవారు. బడి తెరిచిన చలికాలంలో పిల్లలందరినీ డుమస్ సముద్రం చూడటానికి తీసుకుపోతామని చెప్పారు. ఎన్నో ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉండి కూడా సముద్రం చూడని ఇళ్ళు మా బడిలో చాలా ఉండేవి. ఇంకొకటి ప్రతిసారీ చెప్పేవారు. తెరిచిననాడు గేటు దగ్గర తానే నిలబడి, బడి చూడని కొత్త పిల్లల్ని ఒక్కొక్కరిని పేరు పెట్టి పిలిచి లోపలికి తీసుకుపోతానని.

మరుసటి ఎండాకాలం మొదట్లో జబ్బు మళ్ళీ వచ్చింది. ఈసారి వేరేగా వచ్చింది. మొదటి ఏడు అది టీవీలో వార్త, రెండో ఏడు పక్కింటి తలుపు తట్టింది. మా గల్లీలో పొద్దున లేస్తే ఎవరింటి ముందు చెప్పులు ఎక్కువ ఉన్నాయో చూడటానికి భయపడేవాళ్ళం. అంబులెన్సు కూత విని పిల్లలు ఆడుకునే ఆటలోనూ ఆ కూతే కూసేవాళ్ళు. ఆ దినాల గురించి ఇంతకన్నా రాయలేను.

పెద్దసారు ఆ నెల మొదటి శనివారం ముచ్చట చెప్తుండగా రెండుసార్లు దగ్గారు. దగ్గినందుకు మన్నించమని కూడా అన్నారు. మంచి వార్తలు చెప్పారు, జామచెట్టుకు మళ్ళీ పిందెలు పడ్డాయని చెప్పారు, ముందరున్నది చెప్పారు. గొంతు ఎప్పటికన్నా నెమ్మదిగా ఉంది, అంతే. మూడో రోజుకు ఆస్పత్రిలో చేర్చారని తెలిసింది. మంచం దొరకడానికే మా బడి తండ్రులు ఇద్దరు ఆటో వేసుకుని ఊరంతా తిరిగారు. లోపలికి పోయాక ఆయన ఇల్లాలు ఆయన్ని చూడలేదు. ఆమెను నేను అక్కా అని పిలిచేదాన్ని. నెమ్మదైన మనిషి, బడికి ఎప్పుడూ వచ్చేది కాదు, మేమెవరైనా వాళ్ళింటికి పోతే సర్వపిండి చేసి పెట్టేది. ఆ శనివారం ముచ్చట రాలేదు, సారు ఆస్పత్రిలో ఉన్నారని గుంపులో రెండు ముక్కలు మాత్రం రాశాం. తర్వాతి వారం గురువారం నాడు ఆయన పోయారు. కూతురికి రావడానికి వీలు కాలేదు. ఎవరమూ పోలేదు. పోనివ్వలేదు.

శుక్రవారం సాయంత్రం అక్క ఫోను చేసింది. ఓదార్చడానికి నేనే చేయవలసింది, చేయడానికి మాటలు కూడగట్టుకుంటూ ఉండగానే ఆమె నుంచి వచ్చింది. ఏడవలేదు. 

"రేపు శనివారం గదా చెల్లె. ముచ్చట నువ్వే చెప్పాలె."

"అక్కా, నాతోని కాదు. ఎట్ల చెప్పుదు నేను?"

"పోరగాళ్ళు ఎవరో ఒకరి నోట్లకెళ్ళి ఇంటరు. గల్లీల ఇంటరు. గట్ల ఇనొద్దు. బడోళ్ళే చెప్పాలె. ఆయిన ఎట్ల చెప్పెటోడో గట్లనే చెప్పు. మంచి ముచ్చట ముందుగాల. ఎన్కకెళ్ళి ఇది. ఆఖర్ల ముందరున్నది చెప్పుడు మర్వకు. అది చెప్పకపోతే ఆయినకు మంచిగ కొట్టది."

ఏం మంచి వార్త చెప్పాలి, ముందర ఏముందని చెప్పాలి అని శనివారం పొద్దుటి నుంచీ తడుముకుంటూ కూర్చున్నాను. మా వారు ఇక్కడ గ్యాలరీ అనే బాల్కనీలో స్టూలు వేసి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళారు. మాట్లాడటం మొదలుపెట్టి ఆపేశాను, మళ్ళీ మొదలుపెట్టి ఆపేశాను. చివరికి బడి వదిలే వేళ అవుతోందని, ఇంక ఆగితే ఆయన వేళ తప్పిపోతుందని, కళ్ళు మూసుకుని చెప్పేశాను. నాలుగో తరగతి పిల్లవాడి అమ్మ ఆస్పత్రి నుంచి క్షేమంగా ఇంటికొచ్చిందని చెప్పాను. జామపిందెలు ఎదుగుతున్నాయని వాచ్‌మన్ చెప్పాడని చెప్పాను. తర్వాత, మన పెద్దసారుకు జబ్బు చేసి ఆస్పత్రిలో ఉన్నారని మీకు తెలుసు, గురువారం నాడు ఆయన చనిపోయారు, ఇక ఆయన మనతో మాట్లాడరు అని చెప్పాను. దేవుడి దగ్గరికి పోయారనీ నిద్రపోయారనీ అనలేదు. ముప్ఫై ఏళ్ళు పిల్లలకు మాటలు నేర్పినదాన్ని, వాళ్ళకు అర్థమయ్యే మాటనే వాడాలనిపించింది. ఎవరికి ఏడుపొస్తే వాళ్ళు ఏడవండి, అమ్మానాన్నల దగ్గర కూర్చోండి అన్నాను. ముందరున్నది చెప్పే వంతు వచ్చేసరికి, వచ్చే శనివారం పిల్లలందరూ పెద్దసారు గురించి తమకు గుర్తున్న ఒక్క సంగతి చెప్పాలని నోటికి వచ్చింది. అది అంతకుముందు అనుకున్నది కాదు.

పంపాక ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తర్వాత ఒక తండ్రి మాట్లాడాడు. సాంచాల చప్పుడు వెనకాల హోరెత్తుతోంది, దాన్ని మించి అరుస్తున్నాడు.

"మేడం, సారు నాకు గూడ చదువు చెప్పిండు. వచ్చే శనివారం ముచ్చట బంద్ పెట్టకుండ్రి మేడం. పోరగాళ్ళు ఎదురుచూస్తరు."

అలా నేను ఆ పని మానలేకపోయాను. నా గొంతు ఆయన గొంతులా ఉండదు, నాకు నవ్వించడం రాదు. అయినా ప్రతి శనివారం ఆ వేళకు గ్యాలరీలో కూర్చుని చెప్తూ వచ్చాను. వానాకాలం గడిచింది. దీపావళి సెలవులయ్యాక, చిన్న తరగతుల పిల్లలు కూడా రావచ్చని కబురు వచ్చింది. ఆ శనివారం ఆ మాటను రెండుసార్లు చెప్పాను.

తెరిచిననాడు తెల్లవారకముందే లేచి తయారయ్యాను. బడి కడిగారు, గేటుకు మామిడాకులు కట్టారు. ఆయన చేస్తానన్న పని ఎవరో ఒకరు చేయాలి గనుక నేనే మోటారు గట్టు పక్కన నిలబడి కొత్త పిల్లల్ని పేరు పెట్టి పిలిచాను. గట్టు మీదికి మాత్రం ఎక్కలేదు. ఇద్దరు ముగ్గురు లోపలికి పోయాక ఆ పాప పేరు పిలిచాను. అప్పటికి రెండో తరగతి. తల్లి చేయి పట్టుకుని గేటు బయట నిలబడి ఉంది, రెండు జడలు, కొత్త సంచి. కదలలేదు. మళ్ళీ పిలిచాను. నా వైపు ఒకసారి చూసి, నా వెనక్కి, పక్కలకి చూసింది. దగ్గరికి వెళ్ళాను.

"మీరు ఫోన్ల మేడం గదా," అంది.

"అవునమ్మా. రా, లోపలికి పోదాం."

"పెద్దసారు పిలుస్త అన్నడు. సారు పిలిస్తే వస్త."

తల్లి మొహం చూశాను. ఆమె కళ్ళు దించుకుంది. నన్ను కొంచెం పక్కకు పిలిచి, పాపకు వినపడకుండా చెప్పింది. పెద్దసారు పోయిన మర్నాడు, ఆ శుక్రవారం నాడే పాప తాత పోయాడట. ఇంట్లోనే, ఊపిరి అందక. మర్నాడు ఫోనులో నా గొంతు వినగానే ఆమెకు అర్థమై ఆపేసిందట, మరుసటి శనివారం కూడా పాపకు ఫోను ఇవ్వలేదట.

"ఒక్కపారే ఇద్దరు పోయిన్రని దానికెట్ల చెప్పుదు మేడం? సారు రజా మీద ఊరికి పోయిండు, మల్ల వస్తడని చెప్పిన. ఎన్కకెళ్ళి చెప్తమంటే నోరు రాలే."

ఆమెను ఏమనగలను? ఆరేళ్ళ పిల్లకు ఒకే వారంలో రెండు చావులు చెప్పమని ఎవరు అడగగలరు? అందరికీ చెప్పేశానని నేను అనుకున్న కబురు ఒక పిల్ల దగ్గరికి ఇంకా చేరనే లేదు. ఫోనులో అందరికీ ఒక్కసారే చెప్పడం వేరు, ఎదురుగా నిలబడి రెండు కళ్ళలోకి చూస్తూ ఒక్కరికి చెప్పడం వేరు. మిగిలిన పిల్లల్ని లోపలికి తీసుకుపొమ్మని తోటి టీచరుకు చెప్పి, గేటు పక్కన మెట్టు మీద కూర్చున్నాను. పాప కూడా వచ్చి, కొంచెం ఎడంగా, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

చెప్పాను. తాతకు వచ్చిన జబ్బే సారుకు కూడా వచ్చింది, తాతలాగే సారు కూడా చనిపోయారు, అందుకే పిలవడానికి రాలేదు, రావాలని ఆయనకు చాలా ఉండేది అని చెప్పాను. పాప ఏడవలేదు. సంచి పట్టీని వేలికి చుట్టుకుంటూ విప్పుతూ కూర్చుంది. అలా చుట్టుకుంటూనే అడిగింది.

"తాతకు ఎరుకేనా?"

ఏమడుగుతోందో ఒక్క క్షణం అర్థం కాలేదు. తాత పోయేనాటికి సారు పోయిన సంగతి తాతకు తెలుసా అని. లేదమ్మా, తాతకు తెలియదు అన్నాను. పాప తల ఊపింది. అది దానికి కొంచెం నయమనిపించినట్టుంది. ఆ తర్వాత ఇంకొకటి అడిగింది.

"ఇగ ముచ్చట మీరే చెప్తరా?"

"నేనే చెప్తున్న గదమ్మా ఇన్ని దినాల నుంచి."

"మీరు చెప్పుడు వేరే ఉంటది," అంది. ఫిర్యాదుగా కాదు, ఉన్న మాట చెప్పినట్టు అంది. అవును, వేరే ఉంటది అని నేనూ ఒప్పుకున్నాను. అప్పుడు ఏడుపు వచ్చింది పాపకు. నాకూ వచ్చింది. తల్లి గేటు ఊచ పట్టుకుని నిలబడి చూస్తోంది. కాసేపయ్యాక పాప ముక్కు చీది, లేచి, ఎవరూ పిలవకుండానే లోపలికి నడిచింది. రెండో తరగతి ఎటో చూపించబోతే అవసరం లేదంది. జామచెట్టు దాటినాక రెండో తలుపు, సారు చెప్పిండు అంది.

ఆ తర్వాత చలికాలంలో బడి మళ్ళీ మూతపడి మళ్ళీ తెరుచుకుంది. ఏదో ఒకటి అడ్డు వస్తూ డుమస్ ప్రయాణం ఆలస్యమై, నేను రిటైరయ్యే ఏడు చలికాలంలో గాని కుదరలేదు. రెండు బస్సుల్లో పోయాము. నల్లటి ఇసుక, దూరంగా పోయిన నీళ్ళు, బండ్ల మీద టమాటా భజియాల వాసన. పిల్లలు పిచ్చిగా పరుగెత్తారు. ఆ పాపకు మాత్రం బస్సు పడక దారంతా వాంతులయ్యాయి, సముద్రాన్ని ఒకసారి చూసి, ఇంటికెప్పుడు పోతం మేడం అని నా కొంగు పట్టుకుని కూర్చుంది. నాకు నవ్వొచ్చింది. పెద్దసారు ఉంటే శనివారం ముచ్చటలో దాన్ని ఎలా చెప్పేవారో, అందరూ ఎంత నవ్వేవారో అనుకున్నాను. అక్క హైదరాబాదులో ఉన్న తన కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. అప్పుడప్పుడూ మాట్లాడుకుంటాం. శనివారం మాత్రం ఫోను చేయదు, నేనూ చేయను.

నేను రిటైరయ్యాక బడి కబుర్లు ఫోన్లలో రాసి పంపే ఒక పద్ధతి వచ్చింది. ఇప్పుడు తెలుగులో, హిందీలో, గుజరాతీలో కూడా పంపుతారట. అదీ మంచిదే. తప్పులుండవు, ఎవరికీ అందలేదనే మాట ఉండదు, ఎవరైనా ఎండలో నిలబడాల్సిన పని లేదు. కొత్త టీచర్లు మాకన్నా ఎక్కువే కష్టపడుతున్నారు, వాళ్ళను ఏమీ అనలేను. మొన్నామధ్య ఏదో కాగితం కోసం వడోద్ వైపు వెళ్ళి, బడి వదిలే వేళకు గేటు దగ్గరికి చేరాను. తల్లులు స్కూటర్ల మీద వచ్చారు, ఇంజను ఆపకుండానే పిల్లల్ని ఎక్కించుకుని వెళ్ళిపోయారు. చూస్తుండగానే గేటు ముందు ఎవరూ లేరు.

మన కాలంలో కబురంటే ఎవరో ఒక మనిషి వచ్చి చెప్పేది. మంచిదైతే చెప్పినవాళ్ళు మనతో పాటు నవ్వి, ఇంత బెల్లం ముక్క నోట్లో వేసుకుని పోయేవాళ్ళు. చెడ్డదైతే గుమ్మంలోనే కూలబడి, మనం తేరుకునేదాకా కదిలేవాళ్ళు కాదు. పిల్లలు పెద్దవాళ్ళ మొహాల్లో చూసి, చెప్పకముందే సగం తెలుసుకునేవాళ్ళు. ఇప్పుడు కబురు ముందే వచ్చేస్తుంది, చదివేస్తాం, పైకి తోసేస్తాం, అందులో ఎవరి మొహమూ ఉండదు. చెప్పి వెళ్ళిపోకుండా ఇంకాసేపు అక్కడే నిలబడి ఉండటం, విన్నవాళ్ళు కూడా కదలకుండా ఉండటం, దాన్ని మనం ఎప్పుడు మానేశామో ఎంత ఆలోచించినా నాకు గుర్తు రావడం లేదు.